మడిచిన కాలు, చాచిన కాలు

ఒకే ఇంటి కోడళ్ళిద్దరూ ఒకే గదిలో ఉద్యోగం చెయ్యకూడదని పెద్దలు ఎక్కడా చెప్పినట్టు లేదు. బహుశా వాళ్ళకి ఆ అవసరం వచ్చి ఉండదు. పశువైద్య కళాశాల రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమ చేతి వైపున్న కండరాల ప్రయోగశాలలో, ఒక ఇంటి తోడికోడళ్ళు పక్కపక్క బల్లల దగ్గర పనిచేసేవాళ్ళు. పెద్దకోడలు అక్కడ ప్రొఫెసరు. చిన్నకోడలు ఆమె దగ్గర పరిశోధన చేసే విద్యార్థిని. ముందు విద్యార్థినిగా వచ్చింది, తరవాత తోడికోడలయింది. "చెయ్యి నిదానం, కత్తి పట్టుకుంటే వణకదు" అని పెద్దకోడలే అత్తగారికి చెప్పి మరిదికి ఈ సంబంధం కుదిర్చింది. కోడల్ని ఎంచుకోవడానికి అదేం గుణమో అత్తగారికి అంతు పట్టలేదు. అయినా ఆ ఇంట్లో పెద్దకోడలి మాటకి ఎదురు లేదు కాబట్టి ఊరుకుంది.

చిన్నకోడలు ఆమెను ప్రయోగశాలలో "మేడమ్" అనేది, ఇంట్లో "అక్కా" అనేది. రెండింటికీ మధ్య బస్సులో ఏమనాలో తెలియక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. పుట్టింట్లో ఆమె నలుగురు ఆడపిల్లల్లో మూడోది. మొదటిది ముద్దు, చివరిది గారం, రెండోది గయ్యాళి. మూడోదాన్ని పట్టించుకున్న పాపాన ఎవరూ పోలేదు. ఆమె చేసిన పనిని చేతిలోకి తీసుకుని, వెలుతురులో పెట్టి చూసి, "ఇదీ పనంటే" అన్న మొదటి మనిషి పెద్దకోడలు. ఆ ఒక్క మాటని పట్టుకుని ఆమె ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది. లోకంలో ఎవరు కాదన్నా ఫరవాలేదు, ఈమె కాదనకూడదు. అదీ ఆమె భయం. జరిగినదంతా ఆ భయం వల్లే జరిగింది కనుక ముందే చెప్పుకోవడం మంచిది.

వాళ్ళు చేసే పని ఒంటె కాలినీ ఎద్దు కాలినీ పోల్చడం.

"ఒంటె కాలు పొడుగు, ఎద్దు కాలు పొట్టి. దీనికి జీతాలు కూడానా?" అనేవాడు చిన్నకోడలి మొగుడు. అతను బ్యాంకులో పనిచేసేవాడు, వెటకారం మాత్రం ఉచితంగా ఇచ్చేవాడు.

నిజానికి వాళ్ళు చూసేది పొడుగూ పొట్టీ కాదు. ఏ కండనైనా అడ్డంగా పల్చగా కోసి చూస్తే, కట్ట కట్టిన చీపురుపుల్లల కొసల్లాగా వేల పోగులు పక్కపక్కనే కనిపిస్తాయి. వాటిలో రెండు జాతులు. ఒకటి మెల్లగా ముడుచుకుంటుంది, అలసిపోదు. రెండోది చటుక్కున ముడుచుకుంటుంది, అంతే చటుక్కున అలసిపోతుంది. నిదానమే ప్రధానం అనే పోగులూ, ఆలస్యం అమృతం విషం అనే పోగులూ ఒకే కండలో గోడలు పంచుకుని కాపురం చేస్తుంటాయి. ఊరికే చూస్తే రెండూ ఒకటే. సరైన రంగు వేస్తే నిదానపువి నల్లగా, చురుకువి తెల్లగా తేలతాయి. ఏవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి, ఒక్కొక్కటీ ఎంత లావుందో కొలవాలి. లెక్కపెట్టడం చిన్నకోడలి వంతు, ఆ లెక్కకి అర్థం చెప్పడం పెద్దకోడలి వంతు.

కండల కోసం ఊరి చివర కబేళాకి వెళ్ళేవాళ్ళు. తడిసిన సిమెంటు గచ్చు, పైన ఇనుప పట్టా మీద జరిగే కొక్కేలు, గోడవారన ఎప్పుడూ కారుతూ ఉండే నీళ్ళ గొట్టం. ఎద్దుని కోశాక వెనక కాళ్ళు కొక్కేనికి తగిలించి తలకిందులుగా వేలాడదీసేవాళ్ళు. ముందుకాళ్ళు రెండూ బారుగా నేల వైపు వేలాడేవి. ఒంటెతో అలా కుదరదు, అంత శరీరాన్ని ఎత్తే కొక్కెం అక్కడ లేదు. దాన్ని ముందే కూర్చోబెట్టి, మడిచిన ముందుకాళ్ళని తాడుతో బిగించేవాళ్ళు. కొయ్యడం, వీపు మీంచి తోలు ఒలవడం, అంతా ఆ కూర్చున్న తీరులోనే జరిగిపోయేది. తోడికోడళ్ళకి ప్రతి జంతువు ముందుకాలి నుంచీ రెండు ముక్కలు కావాలి. కాలిని మడిచే కండ నుంచి ఒకటి, చాచే కండ నుంచి ఒకటి.

ఇక్కడ పెద్దకోడలి నియమం ఒకటుంది. కోసిన కండముక్క వెంటనే ముడుచుకుపోతుంది. ముడుచుకుంటే పోగు పొట్టిదై లావెక్కుతుంది, ఆ లావు అబద్ధపు లావు. అందుకని కొయ్యకముందే, కండ ఎంత పొడుగులో ఉందో అంత పొడుగులోనే దానికి ఒక చెక్కపుల్లని ఆనించి, రెండు చివర్లా దారంతో కట్టి, అప్పుడు పుల్లతో సహా కోసుకోవాలి. చాలా చోట్ల ఇంత ఓపిక ఎవరికీ ఉండదు.

"ఉన్నదాన్ని ఉన్నట్టు తేవాలి. మన చెయ్యి పడి మారకూడదు," అనేది పెద్దకోడలు.

కబేళాలో కసాయి పెద్దాయనకి ఇది మంచి కాలక్షేపం. "కట్టు కడుతున్నారామ్మా? ఇంక లాభం లేదులెండి, బతకదు," అనేవాడు. వచ్చిన ప్రతిసారీ అదే మాట. ఇద్దరూ ప్రతిసారీ నవ్వేవాళ్ళు, ఎందుకంటే కండలిచ్చేది అతనే.

ఆ ముక్కల్ని గడ్డకట్టించి, లోపల బ్లేడు బిగించిన చలిపెట్టెలో వెంట్రుక కన్నా సన్నగా తరిగి, రంగుల్లో ముంచి, స్లైడుల మీద పరిచి చిన్నకోడలు లెక్కపెట్టింది. ఫలితం రెండు భాగాలుగా వచ్చింది. మొదటి భాగం చప్పగా ఉంది. ఒంటె కాలిలో నిదానపు పోగులు ఎద్దు కన్నా కాస్త ఎక్కువ. కాస్తే. అది విని ఎవరూ కుర్చీలోంచి లేవరు. రెండో భాగం మాత్రం అదిరిపోయింది. ఒంటెలో మడిచే కండ పోగులు బాగా లావు, చాచే కండ పోగులు సన్నం. ఎద్దులో సరిగ్గా దీనికి తిరగేసి.

పెద్దకోడలు దీన్ని రెండు వారాలు మనసులో నానబెట్టి, ఒక పొద్దున బస్సు దిగుతూ అర్థం చెప్పేసింది. ఒంటె పుట్టిన దగ్గర్నుంచీ మోకరిస్తుంది. బరువెత్తాలంటే మోకరించాలి, దించాలంటే మోకరించాలి, నిద్రపోవాలన్నా మోకరించాలి. ముందుకాళ్ళు మడవటమే దానికి బతుకు. ఎద్దుకి నిలబడి లాగడం బతుకు. ఎవరి బతుకు వాళ్ళ కండలో రాసి ఉంది. వినడానికి ఎంత బాగుందంటే, పదవీ విరమణకి దగ్గరపడ్డ విభాగాధిపతి పెద్దసారు రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. వార్షిక సభలో ముఖ్య ప్రసంగం ఆమెదే అన్నాడు. తన తరవాత ఆ కుర్చీ ఎవరిదో కూడా ఆ సభ తేల్చేస్తుందని నవ్వుతూ అన్నాడు. ఆయన నవ్వుతూ అన్నవన్నీ నిజంగానే అన్నట్టు లెక్క.

అప్పుడొచ్చింది కుంటి ఎద్దు.

అది బండి దిగేటప్పుడు జారి తుంటి విరగ్గొట్టుకుంది. మళ్ళీ లేవలేదు. పడుకున్నచోటే, ముందుకాళ్ళు రెండూ ఎదకింద మడుచుకుని ఉండగానే కోశారు. ఆ రోజు పెద్దకోడలు వెళ్ళలేదు. చిన్నకోడలు ఒక్కతే వెళ్ళి, పుల్ల కట్టి, ఉన్నదాన్ని ఉన్నట్టు తెచ్చింది. రంగు వేసి చూస్తే, మడిచే కండ పోగులు లావుగా, నిండుగా ఉన్నాయి. ముమ్మాటికీ ఒంటెలాగా. చీటీలు తారుమారయ్యాయేమోనని గడ్డకట్టిన ముక్క తీసి మళ్ళీ తరిగింది, మళ్ళీ రంగు వేసింది. మళ్ళీ ఒంటే.

"మేడమ్, ఒక ఎద్దు తేడాగా వచ్చింది," అంది.

"ఏ ఎద్దు?"

"కుంటిది. లేవలేకపోయింది కదా, అది."

"వదిలెయ్. జబ్బుదాన్ని లెక్కలో కలపకూడదని నీకు చెప్పిందే నేను."

నియమం నిజమే. తప్పు పట్టడానికి లేదు. చిన్నకోడలు దాన్ని వదిలేసింది, కానీ అది ఆమెను వదల్లేదు.

అత్తగారికి కుడిచేతి నొప్పి ఉండేది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్నకోడలు ఆవిడ చేతికి నూనె రాసి మర్దనా చేసేది. ఆ ఆదివారం కూడా, బయట బట్టలారేసిన తీగ గాలికి కిర్రుమంటుంటే, మంచం అంచున కూర్చుని రాస్తోంది. ఆవిడ మోచెయ్యి మడిచి పెట్టుకుని ఉంది. చిన్నకోడలి బొటనవేలి కింద ఆవిడ దండచేతి కండ ఉండలా, బొద్దుగా తగిలింది. మణికట్టు దగ్గర రాయడానికి చెయ్యి చాపించింది. అదే బొటనవేలి కింద అదే కండ పల్చబడి, బద్దలా సాగింది. చిన్నకోడలి చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ మడిచింది. మళ్ళీ చాపింది.

"ఏంటమ్మా, మడుస్తావు, చాస్తావు? చెయ్యనుకున్నావా గొడుగనుకున్నావా?" అంది అత్తగారు.

వడ్లగింజలో బియ్యపుగింజ. ఒంటెని కూర్చోబెట్టి, కాళ్ళు మడిచి కట్టి ఉంచారు కాబట్టి మడిచే కండ ముడుచుకుని లావైంది, చాచే కండ సాగి సన్నబడింది. ఎద్దుని వేలాడదీశారు కాబట్టి కాలు చాచుకుని, అంతా తిరగబడింది. ఇద్దరూ పుల్లలు కట్టి, దారాలు బిగించి, ఎంత జాగ్రత్తగా తెచ్చారంటే, ఆ మడతనీ ఆ చాపునీ ఇసుమంతైనా చెదరకుండా ప్రయోగశాల దాకా మోసుకొచ్చారు. అజాగ్రత్త మనుషులైతే ముక్కలన్నీ ఒకేలా ముడుచుకుపోయి, ఈ తప్పు జరిగేదే కాదు. కాలు ఏ జాతిదైనా, మడిస్తే మడిచినట్టే ఉంటుంది.

మొదట ఆమెకు సంతోషం కలిగింది. అది ఒప్పుకుని తీరాలి. కనిపెట్టిన మనిషికి కలిగే సంతోషం, ఎవరికేం నష్టమో ఆలోచించనిది. నూనె చేతులతోనే వంటింట్లోకి వెళ్ళబోయింది. అక్కడ పెద్దకోడలు కూర తరుగుతూ, వార్షిక సభలో చెప్పబోయే మాటల్ని పెదాల మీదే గొణుక్కుంటోంది. గుమ్మం దగ్గర ఆ సంతోషం ఆవిరైపోయి, వెనకాల భయం మిగిలింది.

చెప్పే ముందు ఖాయం చేసుకోవాలి కదా అనుకుంది. ఇది సాకు కూడా. మర్నాడు కబేళాకి వెళ్ళి కసాయి పెద్దాయన్ని బతిమాలింది. కోసిన వెంటనే ఒంటె ఎడమకాలిని మడిచినట్టే ఉంచి, కుడికాలి తాడు విప్పి, నలుగురు మనుషుల చేత చాపించి స్తంభానికి కట్టించింది.

"నిన్నటిదాకా కట్లే, ఇవాళ వ్యాయామం కూడానా?" అన్నాడు పెద్దాయన.

రెండు కాళ్ళ నుంచీ మడిచే కండే తీసుకుంది. పుల్లలు కట్టింది. తరిగింది, రంగు వేసింది, కొలిచింది. ఎడమకాలు ఒంటె. కుడికాలు ఎద్దు. నల్లవీ తెల్లవీ ఎన్నెన్ని ఉన్నాయన్న లెక్క మాత్రం రెండు కాళ్ళలోనూ ఒకటే వచ్చింది. మడిచినా చాచినా సంఖ్య మారదు. అంటే చప్పటి భాగం నిజం, అదిరిపోయిన భాగం అబద్ధం.

చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచింది. మొదటిసారి పెద్దకోడలు ఫోనులో పెద్దసారుతో మాట్లాడుతోంది, చెయ్యి అడ్డం పెట్టి ఆగమంది. రెండోసారి బస్సులో. "అక్కా" అని మొదలుపెట్టింది. అప్పుడే పెద్దకోడలు సంచిలోంచి కాగితాలు తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. పత్రిక్కి పంపబోయే వ్యాసం. పైన ఇద్దరి పేర్లూ ఉన్నాయి, చిన్నకోడలి పేరు ముందు.

"లెక్కపెట్టింది నువ్వు. నీ పేరే ముందుండాలి," అంది పెద్దకోడలు. "నాకేం, నాకు కుర్చీ వస్తుంది."

చిన్నకోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దకోడలు అవి ఇంకోరకం నీళ్ళనుకుంది.

ఇక మాటతో తన వల్ల కాదనుకుంది చిన్నకోడలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సభ దగ్గరపడుతోంది. చెప్పకపోతే అక్క నలుగురిలో నిలబడి అబద్ధం చెబుతుంది, అదీ అబద్ధమని తెలియకుండా. చెబితే నమ్మకపోవచ్చు. నమ్మకుండా, కుర్చీ వస్తుందని కుళ్ళుకుంటోందనుకోవచ్చు. తోడికోడళ్ళ మధ్య అలాంటి మాట పుట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పెద్దకోడలు తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషా కాదా అన్నది చిన్నకోడలికి నిజంగా తెలియదు. ఇన్నేళ్ళలో ఆమె పట్టిన కుందేళ్ళన్నిటికీ నాలుగు కాళ్ళే ఉంటూ వచ్చాయి.

ఆ ప్రయోగశాలలో ఒక అలవాటుంది. విద్యార్థుల కన్ను పదును పెట్టడానికి పెద్దకోడలు చీటీ లేని స్లైడు ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టి, "చూసి చెప్పు" అనేది. ఏ జంతువో, ఏ కండో చెప్పాలి. చిన్నకోడలు మొదటి ఏడాదంతా అలా తప్పులు చెప్పి చెప్పి నేర్చుకుంది. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆమె రెండు స్లైడులకి చీటీలు ఊడదీసి, పెద్దకోడలి బల్ల మీద పెట్టింది.

"చూసి చెప్పండి, మేడమ్."

పెద్దకోడలికి సరదా వేసింది. "గురువుకే పరీక్షా?" అంటూ కళ్ళజోడు పైకి తోసి, కుర్చీ జరుపుకుని, కన్ను ఆనించింది. మొదటిదానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఒంటె. మడిచే కండ. పోగు చూడు, ఎంత నిండుగా ఉందో." రెండోది పెట్టింది. "ఇది ఎద్దు. మరీ ఇంత తేలికవి పెడతావా?"

"ఖాయమేనా?"

"ఒంటె కండ నాకు తెలీదా?"

చిన్నకోడలు ఊడదీసిన చీటీలు రెండూ బల్ల మీద పెట్టింది. "రెండూ ఒంటెవే, అక్కా. ఒకే ఒంటె. ఎడమకాలు మడిచి ఉంచాను. కుడికాలు చాపించాను."

ప్రయోగశాలలో ఆమె ఎప్పుడూ అక్కా అనలేదు. పెద్దకోడలు అది గమనించినట్టు లేదు. మొదటి స్లైడు మళ్ళీ పెట్టి చూసింది. రెండోది మళ్ళీ పెట్టి చూసింది. చలిపెట్టె యంత్రం గుర్రుమని ఆగి, మళ్ళీ మొదలైంది.

"పుల్ల కట్టావా?"

"రెండింటికీ కట్టాను."

"కుంటి ఎద్దు కాళ్ళు మడుచుకుని ఉన్నాయా?"

"ఉన్నాయి."

పెద్దకోడలు లేచి, కుళాయి దగ్గరికెళ్ళి, ఏమీ ముట్టుకోని చేతుల్ని సబ్బుతో కడుక్కుంది. తువ్వాలుకి ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. బస్సులో ఇద్దరూ వేరువేరు సీట్లలో కూర్చున్నారు. ఖాళీలు లేక కాదు.

సభ దాకా ఇంట్లో పెద్దకోడలు అవసరమైన మాటలే మాట్లాడింది. గ్యాసు అయిపోయింది, తలుపు గడియ వెయ్యి, నీళ్ళు వస్తున్నాయి. మొగుళ్ళిద్దరూ సభ కంగారనుకున్నారు. అత్తగారు మాత్రం చిన్నకోడలి మొహం చూసి, "అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. ఇక్కడ నవ్విందెవరు, ఏడ్చేదెవరు?" అని అడిగింది.

ఆమె సభలో ఏం చెబుతుందో చిన్నకోడలికి తెలియదు. అడిగే ధైర్యం లేదు. హాల్లో వెనక వరసలో, ఫ్యాను కింద, చెమటలు కక్కుతూ కూర్చుంది. మొత్తం వ్యాసం చదివేసి దిగిపోతే? అప్పుడు తను లేచి నిలబడాలా? ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ ఉండగానే పెద్దకోడలు వేదిక ఎక్కింది.

"ఒంటెకీ ఎద్దుకీ తేడా చెబుతానని మీకు మాటిచ్చాను," అని మొదలుపెట్టింది. "సగం తేడా ఉంది. మిగతా సగం మా తాడులో ఉంది."

తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కనే వేసింది. ఏది ఒంటెదో చెప్పమని హాలుని అడిగింది. చేతులు లేచాయి. అందరూ మొదటిదే చూపించారు, పెద్దసారుతో సహా. "నేనూ అదే చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానంటే, ఒంటె కండ నాకు తెలీదా అని కూడా అన్నాను," అంది. హాలంతా నవ్వింది. అప్పుడు రెండు కాళ్ళ సంగతీ, కూర్చోబెట్టడం, వేలాడదీయడం, పుల్ల కట్టడం, అన్నీ వరసగా చెప్పింది. కుంటి ఎద్దుని వదిలెయ్యమన్నది తనేనని చెప్పింది. ఇది కనిపెట్టింది నా విద్యార్థిని అని చెప్పి, లేచి నిలబడమంది. చిన్నకోడలు లేచింది. చప్పట్లు చాలాసేపు మోగాయి. మిగిలిన ఆ చప్పటి భాగాన్ని, నల్లవి కాస్త ఎక్కువన్న దాన్ని, పెద్దకోడలు ఏ అలంకారాలూ లేకుండా చదివి దిగిపోయింది.

టీల దగ్గర పెద్దసారు ఆమె నిజాయితీని నలుగురికీ వినపడేలా మెచ్చుకున్నాడు. కుర్చీ సంగతి ఎత్తలేదు. అది తరవాత కోళ్ళ విభాగం ఆయనకి వెళ్ళింది.

చిన్నకోడలు వరండాలో ఆమెను పట్టుకుంది. గుండె మీంచి బండ దిగినట్టుంది ఆమెకి. ఏడుపూ నవ్వూ కలగలిపి వస్తున్నాయి. "అక్కా, మీరు అలా చెబుతారని నేను అనుకోలేదు," అంది.

"తెలుసు," అంది పెద్దకోడలు.

చిన్నకోడలు తను అన్నదేమిటో అప్పుడు విన్నది.

"నా ఉద్దేశం అది కాదక్కా…"

"నువ్వు నోటితో చెప్పుంటే నమ్మేదాన్ని. ఒక్క మాట. అక్కా, ఒంటె కాళ్ళు మడిచి ఉంటున్నాయి, చూసుకున్నామా అంటే, ఆ రాత్రి నాకు నిద్రపట్టేది కాదు. పొద్దున్నే నేనే వచ్చి ఆ కాలు లాగేదాన్ని, నీ పక్కన." ఆమె గొంతు పెరగలేదు. "కుంటి ఎద్దుని వదిలెయ్యమన్నాను. తప్పే. అది ఎద్దు గురించి అన్న మాట. నువ్వు రెండోసారి అడగలేదు. నేను ఒప్పుకునే మనిషినో కాదో అని నన్ను బల్ల మీద పెట్టి చూశావు."

"భయమేసిందక్కా."

"నా దగ్గరా?" అంది పెద్దకోడలు. నిజంగానే అర్థంకానట్టు అడిగింది. టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ తరవాత ఇల్లు విడిపోలేదు, పొయ్యిలు వేరు కాలేదు. అలాంటివి జరిగితే నలుగురూ కూర్చోబెట్టి సర్దిచెప్పడానికైనా వీలుండేది. పెద్దకోడలు సెలవడిగితే సెలవిచ్చింది, సంతకం అడిగితే సంతకం పెట్టింది. ఒంటెలన్నిటినీ కాలు చాపించి మళ్ళీ మొదట్నించీ తీయాలని పథకం వేసి ఇచ్చింది. చిన్నకోడలు తెచ్చిన ప్రతి స్లైడూ చీటీ చదివాకే చూసేది. పనిలో వంక పెట్టలేదు, మెచ్చుకోనూ లేదు. చిన్నకోడలికి అన్నం సహించడం మానేసింది. తను గెలిచానని నలుగురూ అంటుంటే, ఏం గెలిచిందో ఆమెకు కనిపించేది కాదు.

ఒక ఆదివారం చుట్టాలొచ్చారు. ముందుగదిలో అత్తగారు అందరికీ పీటలు వేస్తోంది. వంటింట్లో కూర చిన్నకోడలు చేసింది. చేసి, గరిటె అంచున కాస్త తీసుకుని, చల్లారేలా ఊది, పెద్దకోడలి వైపు చాపింది.

"ఉప్పు సరిపోయిందేమో చూడండక్కా."

పెద్దకోడలు గరిటె వైపు చూసింది. అందుకోలేదు.

"నువ్వు చూశావా?"

"చూశాను."

"మరి నీకు తెలుసుగా. తెలిసింది చెప్పు."

పొయ్యి మీద మూత చప్పుడు చేస్తోంది. చిన్నకోడలు గరిటె దించింది. చెయ్యి వణికింది. ఆ చెయ్యి వణకడం పెద్దకోడలు చూసింది.

"సరిపోయిందక్కా," అంది చిన్నకోడలు.

"అలా చెప్పు," అని పెద్దకోడలు రుచి చూడకుండానే గిన్నె అందుకుని వడ్డించడానికి వెళ్ళింది.